పార్టీ గడిలో ఏం పెట్టాలి? అసలు ఇక్కడ టికెట్ ఇచ్చేదెవరు?

#1 కొవ్వూరు_కుర్రాడు

అందరికీ నమస్కారం. పోయిన నెలే అమెరికా సిటిజన్‌షిప్ ప్రమాణం అయింది. ఉండేది పెన్సిల్వేనియాలో. ఓటరు నమోదు ఫారం నింపుతూ ఒక గడి దగ్గర ఆగిపోయాను. "రాజకీయ పార్టీ" అని ఉంది. డెమొక్రటిక్, రిపబ్లికన్, గ్రీన్, లిబర్టేరియన్, ఏదీ కాదు... వీటిలో ఒకటి టిక్ పెట్టాలట.

మన దగ్గర ఫారం 6 నింపేటప్పుడు "నువ్వే పార్టీ?" అని సర్కారు వాళ్ళు అడిగితే ఊరుకుంటామా? ఇక్కడ దర్జాగా అచ్చేసి మరీ అడుగుతున్నారు. టిక్ పెడితే పార్టీ సభ్యత్వం తీసుకున్నట్టా? చందా కట్టాలా? నవంబరులో అసలు ఎన్నికప్పుడు వాళ్ళకే వెయ్యాలా?

ఇంకో సంగతి. ఇదంతా ఫోన్లో నాన్నకు చెబితే "అది సరేగానీ, అక్కడ బీ-ఫారం ఎవరి చేతిలో ఉంటుందిరా?" అన్నారు. పదమూడేళ్ళుగా ఇక్కడ ఉంటున్నాను, ప్రతి నాలుగేళ్ళకీ టీవీలో ఈ హడావిడి చూస్తున్నాను, జవాబు మాత్రం రాలేదు. తెలిసినవాళ్ళు చెప్పి పుణ్యం కట్టుకోండి.

#2 ఫిలీ_పంతులు

అభినందనలు నాయనా. నాదీ మీ రాష్ట్రమే, పాతికేళ్ళుగా ఇక్కడే ఓటేస్తున్నాను. మీ మూడు ప్రశ్నలకూ వరసగా జవాబు: కాదు, వద్దు, అక్కర్లేదు. చందా లేదు, కార్డు లేదు, ఎవరూ వచ్చి కండువా కప్పరు.

ఆ గడి ముఖ్యంగా ఒక్క పనికే. ప్రైమరీ రోజున, అంటే పార్టీలు తమ అభ్యర్థిని ఓటర్లతో ఎంపిక చేయించుకునే ముందస్తు ఎన్నిక రోజున, మీ చేతిలో ఏ పార్టీ బ్యాలెట్ పెట్టాలో పోలింగ్ బూత్ వాళ్ళకి తెలియడానికి. మనది క్లోజ్డ్ ప్రైమరీ రాష్ట్రం, అంటే ఆ పార్టీ కింద నమోదైనవాళ్ళే దాని ప్రైమరీలో ఓటెయ్యాలి. "ఏదీ కాదు" అని పెట్టారనుకోండి, ప్రైమరీలో అభ్యర్థులను ఎంచుకునే వీలుండదు. ఆ రోజు ప్రజాభిప్రాయం కోరే ప్రశ్నలేమైనా ఉంటే వాటికి మాత్రం ఓటు వెయ్యచ్చు. నవంబరులో ఎవరికైనా వేసుకోండి, అడిగేవాడు లేడు. మనసు మారితే ప్రైమరీకి 15 రోజుల ముందు వరకూ పార్టీ మార్చుకోవచ్చు.

ఒక్క మాట. మీరు ఏ పార్టీ కింద నమోదయ్యారన్నది రహస్యం కాదు. ఆ జాబితా ప్రచారం చేసుకునేవాళ్ళ చేతికి అందుతుంది. తలుపు తడతారు, ఫోన్లు చేస్తారు, పోస్టు డబ్బా నింపుతారు. ఓటు ఎవరికేశారన్నది మాత్రం మీకూ దేవుడికీ మధ్యనే.

#3 ఓరుగల్లు_ఇన్_ఆస్టిన్

మా టెక్సస్‌ల అసలు గా గడే ఉండదన్నా. నమోదు అప్పుడు పార్టీ అడగరు. మార్చిల ప్రైమరీ రోజు పోయి "నాకు గీ పార్టీ బ్యాలెట్ ఇయ్యుండ్రి" అంటే ఇస్తరు. గంతే. కాకపోతే ఒక మెలిక ఉంది. మొదటి రౌండ్ల ఎవరికీ సగం దాటకపోతె రనాఫ్ పెడతరు చూడు, అండ్ల పార్టీ మారుస్త అంటె కుదరది. పొద్దుగాల ఒకళ్ళ బంతిల కూసొని మాపటికి ఇంకొకళ్ళ బంతిల కూసుంట అంటె ఒప్పుకోరు. అధ్యక్ష పదవికి రనాఫ్ ఉండదనుకో, కింద పోస్టులకే.

#4 క్వీన్స్_కాఫీ

న్యూయార్క్ సంగతి చెప్పనివ్వండి. మాదీ క్లోజ్డే, పైగా 2016లో గడువు మరీ దారుణం. ఏప్రిల్‌లో ప్రైమరీ అయితే పార్టీ మార్చుకోడానికి ఆఖరి తేదీ అంతకుముందు ఏడాది అక్టోబరులోనే అయిపోయింది. ఆ దెబ్బకి బలైనవాళ్ళెవరో తెలుసా? ఇవాంకా ట్రంప్, ఎరిక్ ట్రంప్. సొంత నాన్న పోటీలో ఉంటే సొంత ఊళ్ళో ఓటు వెయ్యలేకపోయారు. పెళ్ళికొడుకు చెల్లెలికే విస్తరి వెయ్యని పెళ్ళి!

#5 కొవ్వూరు_కుర్రాడు

పంతులుగారూ, ధన్యవాదాలు. అంటే ఒక్కో రాష్ట్రానికి ఒక్కో చట్టం అన్నమాట. సరే, ప్రైమరీలో దేశం మొత్తం మీద ఎక్కువ ఓట్లు ఎవరికొస్తే వాళ్ళకే పార్టీ టికెట్, అంతేనా?

#6 లెక్కల_మాస్టారు

అక్కడే అందరూ పప్పులో కాలేస్తారు. దేశం మొత్తం ఓట్లు ఎవరూ కూడరు. టీవీవాళ్ళు కూడతారు గానీ దానికి విలువ లేదు.

ప్రైమరీలో మీరు నిజంగా తేలుస్తున్నది డెలిగేట్ల పంపకం. ఎండాకాలంలో పార్టీ జాతీయ మహాసభ జరుగుతుంది, కన్వెన్షన్ అంటారు. దానికి ప్రతి రాష్ట్రం నుంచీ ఇంతమంది డెలిగేట్లని కోటా. అభ్యర్థిని ఎంపిక చేసేది వాళ్ళే, చేతులెత్తి కాదు, రాష్ట్రాల పేర్లు వరసగా పిలిచి. 2024లో రిపబ్లికన్లకు మొత్తం 2,429 మంది డెలిగేట్లు, 1,215 మందిని తెచ్చుకున్నవాడు గెలిచినట్టు.

ఇప్పుడు అసలు కిటుకు. ఓట్లను డెలిగేట్లుగా మార్చే లెక్క రెండు పార్టీలకూ ఒకటి కాదు. డెమొక్రాట్లది దామాషా. వందకి 15 కన్నా తక్కువ వస్తే సున్నా, ఆ పైన వచ్చినవాళ్ళు వాటాలు పంచుకుంటారు. రిపబ్లికన్లు చాలా రాష్ట్రాల్లో "గెలిచినోడిదే మొత్తం" అంటారు. 2016లో సౌత్ కరొలైనా చూడండి. ట్రంప్‌కి మూడో వంతు ఓట్లు కూడా నిండలేదు, 32.5 శాతం. ప్రత్యర్థులు రూబియో, క్రూజ్ చెరో 22 దగ్గర ఆగారు. డెలిగేట్లు 50 ఉంటే 50కి 50 ట్రంప్‌వే! అవే ఓట్లు డెమొక్రాట్ల పద్ధతిలో పంచి ఉంటే ముగ్గురికీ తలా కొన్ని వచ్చేవి. ఆ సీజను మొత్తం మీద ట్రంప్‌కి వచ్చింది సుమారు 45 శాతం, అయినా జూన్ నాటికి పోటీలో ఎవరూ మిగల్లేదు.

అటు ఇంకో రకం ఇబ్బంది. దామాషాలో ఒకసారి వెనకబడితే అందుకోవడం మహా కష్టం. పెద్ద రాష్ట్రంలో గెలిచినా ఎదుటివాడికీ దాదాపు సగం పోతుంది. 2008లో హిల్లరీ పడ్డ అవస్థ అదే. టెక్సస్‌లో ప్రైమరీ ఓట్లలో ఆమె గెలిచింది. అదే రాత్రి అదే రాష్ట్రంలో కాకస్ అనే సభ కూడా పెట్టారు, దాంట్లో ఒబామా గెలిచాడు. రెండూ కలిపి లెక్కేస్తే డెలిగేట్లు ఒబామాకే ఎక్కువ.

#7 ఓరుగల్లు_ఇన్_ఆస్టిన్

ఒకటే రోజు రెండు ఎన్నికలా? గిదేం లొల్లి మాస్టారూ. నేనొచ్చింది తర్వాత, ఇప్పుడు గది లేదు గదా?

#8 లెక్కల_మాస్టారు

లేదు, ఎత్తేశారు. కాకస్ అంటే ఏమిటో అయోవాలో ఉండొచ్చినవాళ్ళెవరైనా చెబితే బాగుంటుంది. నేను పుస్తకాల్లో చదివిందే.

#9 మొక్కజొన్న_మావయ్య

పిలిచారుగా, వచ్చా. 2008 జనవరి 3, డీమోయిన్ శివార్లలో ఒక బడి వ్యాయామశాల. నాకప్పుడు హెచ్1బీ, ఓటు లేదు. కానీ చూడ్డానికి ఎవరైనా రావచ్చంటే ఆఫీసులో తోటి ఉద్యోగి లాక్కెళ్ళాడు. బయట ఎముకలు కొరికే చలి. లోపల జాతరే.

డెమొక్రాట్ల కాకస్‌లో రహస్య ఓటు ఉండేది కాదు. ఒబామా వాళ్ళు బాస్కెట్‌బాల్ స్తంభం కింద, హిల్లరీ వాళ్ళు మెట్ల మీద, ఎడ్వర్డ్స్ వాళ్ళు తలుపు దగ్గర. మనిషి నిలబడ్డ చోటే ఓటు. కబడ్డీలో గీత గీసినట్టు నేల మీద టేపు. పెద్దాయనెవరో తలలు లెక్కపెట్టాడు. 15 శాతం రాని గుంపు చెదిరిపోవాలి. అప్పుడు మొదలైంది అసలు తమాషా. అరగంట పాటు పెద్ద గుంపులవాళ్ళు వచ్చి చిన్న గుంపులవాళ్ళ చెయ్యి పట్టుకుని బతిమాలడం. "మా వైపు రండి, మీ అమ్మాయి మా వైపే ఉంది చూడండి" అని ఒకామె పక్కింటావిడని లాగుతోంది. ఇంకొకాయన చేతిలో బిస్కెట్ల డబ్బా.

ఓ మూల నలుగురు నిలబడ్డారు. వాళ్ళది బైడెన్ గుంపు. అవును, అదే బైడెన్. అయోవా మొత్తంలో ఆయనకి ఒక్క శాతం కూడా రాలేదు, ఆ రాత్రే పోటీ నుంచి తప్పుకున్నాడు. ఆ నలుగుర్లో ముగ్గురు ఒబామా వైపు వెళ్ళారు. నాలుగో ఆయన, డెబ్భై దాటిన ముసలాయన, ఎవరెంత బతిమాలినా కదల్లేదు. కోటు తొడుక్కుని "నేనొచ్చింది ఈయన కోసం" అని ఇంటికెళ్ళిపోయాడు. ఆయన ఓటు ఏ లెక్కలోకీ రాలేదు.

రిపబ్లికన్ల కాకస్ ఇలా ఉండదు. ఉపన్యాసాలు విని చీటీ మీద పేరు రాసి వేసి వెళ్ళిపోతారు.

అందమంతా బాగానే ఉంది గానీ, రాత్రి ఏడింటికి చలిలో రెండు గంటలు నిలబడగలిగినవాడికే అక్కడ గొంతు. రాత్రి షిఫ్టు నర్సుకి లేదు, పసిపిల్ల తల్లికి లేదు, మంచానపడ్డ తాతకి లేదు. నాకు ఆ రోజు చాలా నచ్చింది, తర్వాత ఆలోచిస్తే అంత నచ్చలేదు.

#10 క్వీన్స్_కాఫీ

అయోవా అంటే లెక్కలు తేలకపోవడం కదా మావయ్యా? 2012లో రిపబ్లికన్లలో రామ్నీ 8 ఓట్లతో గెలిచాడన్నారు. రెండు వారాలు దాటాక "కాదు కాదు, సాంటోరమ్ 34 ఓట్లతో గెలిచాడు" అన్నారు. తీరా మహాసభ నాటికి అయోవా డెలిగేట్లు 28 మందిలో 22 మంది వీళ్ళిద్దరిలో ఎవరివాళ్ళూ కాదు, మూడో స్థానంలో వచ్చిన రాన్ పాల్ మనుషులు! కాకస్ రాత్రి అందరూ ఇంటికెళ్ళిపోయాక వాళ్ళు ఆగి, జిల్లా సభలకీ రాష్ట్ర సభకీ ఓపిగ్గా వెళ్ళి కూర్చున్నారట.

2020లో డెమొక్రాట్లు కొత్త యాప్ పెట్టారు, అది మొరాయించింది. రాత్రంతా ఫలితం లేదు. రోజులు గడిచాక కూడా "విజేతను ప్రకటించలేం" అని ఏపీ చేతులెత్తేసింది.

#11 బెజవాడ_బుల్లోడు

ఏపీ ఎందుకు ప్రకటించాలండీ అమెరికా ఫలితం? మనకున్న తలనొప్పులు చాలవా?

#12 క్వీన్స్_కాఫీ

అసోసియేటెడ్ ప్రెస్ బాబూ 😄

#13 బెజవాడ_బుల్లోడు

ఓహో. సరే, నేను ఇండియా నుంచి రాస్తున్నా కాబట్టి నిష్ఠూరంగా ఉన్నా అనుకోకండి. ఈ ప్రైమరీలు, కాకస్‌లు, డెలిగేట్లు... ఇదంతా తిరనాళ్ళ రంగులరాట్నం. 2024లో ఏమైంది? బైడెన్‌కి ప్రైమరీల్లో కోటీ నలభై లక్షలకు పైగా ఓట్లొచ్చాయి. జులై 21 ఆదివారం మధ్యాహ్నం ఒక్క ఉత్తరం రాసి తప్పుకున్నాడు. మర్నాడు రాత్రికల్లా కమలా హారిస్‌కి కావలసినంత మంది డెలిగేట్లు మాటిచ్చేశారు. ఆమె ఆ ఏడాది అధ్యక్ష అభ్యర్థిగా ఏ ప్రైమరీలోనూ నిలబడనే లేదు. పెద్దలు తల్చుకుంటే అయిపోయింది. మన దగ్గర సీల్డు కవర్లో ముఖ్యమంత్రి పేరు వస్తే నవ్వుతారుగా ఎన్నారైలు, మరి ఇదేమిటి?

#14 ఫిలీ_పంతులు

మంచి ప్రశ్న. కవరు పోలిక మాత్రం సగమే సరిపోతుంది. ఆ కవరు చించేదాకా లోపల ఏ పేరుందో ఎమ్మెల్యేలకే తెలియదు. ఇక్కడ ఓటేసినవాళ్ళు నాలుగు వేల పైచిలుకు డెలిగేట్లు, ఎవరిని బరిలోకి దింపాలన్నా మద్దతుగా సంతకం పెట్టగలరు. కంప్యూటర్ల మీద ఆగస్టు 5కి ముగించిన ఓటింగులో 99 శాతం హారిస్‌కే వేశారు. ఇంకెవరూ బరిలోకి రాలేదన్నది నిజం. రానివ్వలేదా, రాలేదా అన్నది మీరూ నేనూ రాత్రంతా వాదించుకోవచ్చు.

అసలు తెలుసుకోవాల్సిందేమిటంటే, ఓటరు ప్రైమరీలో ఎంచుకోవడం అనేదే ఈ దేశంలో నిన్నగాక మొన్న వచ్చిన పద్ధతి. రాజ్యాంగంలో పార్టీ అన్న మాటే లేదు. మొదట్లో పార్లమెంటు సభ్యులే గదిలో కూర్చుని పేరు తేల్చేవారు. 1824లో అది బెడిసికొట్టింది. వాళ్ళు ఎంచిన క్రాఫర్డ్‌ని జనం పట్టించుకోలేదు. తర్వాత మహాసభలు వచ్చాయి. మొట్టమొదటిది 1831లో బాల్టిమోర్‌లో, పెట్టింది ఇప్పుడెవరికీ గుర్తులేని ఆంటీ-మేసానిక్ పార్టీ. ఏడాది తిరిగేలోగా పెద్ద పార్టీలు ఆ ఐడియా ఎత్తుకుపోయాయి.

ఆ మహాసభలు ఇప్పటిలా టీవీ షోలు కావు. లోపలికి వెళ్ళేటప్పుడు ఎవరు గెలుస్తారో తెలియని సభలు. 1860లో చికాగోలో సీవర్డ్‌దే అనుకున్న టికెట్ మూడో విడతలో లింకన్‌కి వచ్చింది. 1920లో చికాగోలోనే బ్లాక్‌స్టోన్ హోటల్ గదిలో చుట్టపొగల మధ్య పెద్దలు హార్డింగ్ పేరు తేల్చారంటారు. "పొగ గది" అన్న మాట అప్పటిదే. ఇక 1924 సంగతి... దానికి వేరే పోస్టు రాయాలి. ఆగండి, టీ పెట్టుకుని వస్తా.

#15 ఫిలీ_పంతులు

1924, న్యూయార్క్, మాడిసన్ స్క్వేర్ గార్డెన్. డెమొక్రాట్ల మహాసభ. ఒకవైపు కాథలిక్కు అయిన న్యూయార్క్ గవర్నరు ఆల్ స్మిత్, ఇంకోవైపు దక్షిణాది, పడమటి ప్రాంతాల బలంతో మెకడూ. నల్లవాళ్ళనీ కాథలిక్కులనీ ద్వేషించే క్లూ క్లక్స్ క్లాన్‌ని పేరుపెట్టి ఖండించాలా వద్దా అన్నదాని మీదే సభ రెండుగా చీలింది. పైగా అప్పట్లో ఆ పార్టీలో సగం చాలదు, మూడింట రెండు వంతులు రావాలి. ఇద్దరికీ రాదు, ఇద్దరూ తగ్గరు.

జూన్ 24న మొదలైంది. ఎండలు. ప్రతి విడతలోనూ అక్షర క్రమంలో మొదట అలబామాని పిలుస్తారు, వాళ్ళ గవర్నరు లేచి "అండర్‌వుడ్‌కి ఇరవై నాలుగు ఓట్లు!" అని కేకేస్తాడు. రేడియోలో దేశమంతా వింటోంది. పది విడతలయ్యేసరికి వీధుల్లో పిల్లలు కూడా అదే కేక. యాభై, డెబ్భై, తొంభై... 103వ విడతలో, జులై 9న, ఇద్దరినీ పక్కన పెట్టి జాన్ డబ్ల్యూ. డేవిస్ అనే లాయరుకి ఇచ్చారు. నవంబరులో రిపబ్లికన్ కూలిడ్జ్ చేతిలో చిత్తుగా ఓడిపోయాడు. పన్నెండేళ్ళ తర్వాత, 1936లో గానీ ఆ మూడింట రెండు వంతుల నియమం పోలేదు.

ప్రైమరీలు అప్పటికే కొన్ని రాష్ట్రాల్లో ఉన్నాయి, కానీ అలంకారానికే. 1952లో సెనేటర్ కీఫావర్ న్యూ హాంప్‌షైర్‌లో ఏకంగా సిటింగ్ ప్రెసిడెంట్ ట్రూమన్‌నే ఓడించాడు, చాలా ప్రైమరీలు గెలిచాడు. మహాసభ టికెట్ స్టీవెన్సన్‌కి ఇచ్చింది.

పాత ఇల్లు కూలింది 1968లో. వియత్నాం యుద్ధం. ప్రెసిడెంట్ జాన్సన్ పోటీ నుంచి తప్పుకున్నాడు, కాలిఫోర్నియా ప్రైమరీ గెలిచిన రాత్రి రాబర్ట్ కెనడీపై కాల్పులు జరిగాయి. ఒక్క ప్రైమరీలోనూ పోటీ చెయ్యని వైస్ ప్రెసిడెంట్ హంఫ్రీకి చికాగోలో టికెట్ ఇచ్చారు. బయట వీధిలో పోలీసులు కుర్రాళ్ళ తలలు పగలగొడుతుంటే లోపల ఈ ఎంపిక. ఆ అవమానం మింగలేక పార్టీ ఒక కమిషన్ వేసింది. ఇకమీదట డెలిగేట్లను బహిరంగంగా, ఓటర్లకు తెలిసేలా ఎంచుకోవాలన్నది. దాంతో ఒక్కో రాష్ట్రం ప్రైమరీకి మళ్ళింది, చట్టాలు మారేసరికి రిపబ్లికన్లకీ అదే దారి అయింది.

ఆ కమిషన్ మొదటి అధ్యక్షుడు సెనేటర్ మెక్‌గవర్న్. కొత్త నియమాలతో 1972లో టికెట్ తెచ్చుకున్నదీ ఆయనే. నవంబరులో ఆయనకి దక్కింది మసాచుసెట్స్, వాషింగ్టన్ డీసీ. అంతే.

#16 లెక్కల_మాస్టారు

పంతులుగారు ఆపేశారు గానీ, దాని తర్వాతే పెద్దలకి భయం పట్టుకుంది. జనానికి పూర్తిగా వదిలేస్తే ఓడిపోయేవాణ్ణి తెస్తారేమోనని. 1984 నుంచి డెమొక్రాట్లు ఎంపీలు, గవర్నర్లు, పార్టీ పెద్దల్ని సూపర్‌డెలిగేట్లు చేశారు. ప్రైమరీతో పనిలేకుండా ఇష్టమొచ్చినవాళ్ళకి వెయ్యచ్చు. 2016 నాటికి ఏడొందలకు పైగా ఉన్నారు. అయోవా కాకస్ కాకముందే వాళ్ళలో ఎక్కువమంది హిల్లరీ అన్నారు, టీవీలు ఆ సంఖ్యని స్కోరుబోర్డులో కలిపి చూపించాయి. ఆమెతో పోటీపడుతున్న శాండర్స్ వాళ్ళ ఒళ్ళు మండింది. 2018లో నియమం మార్చారు. పోటీ ఉన్నప్పుడు మొదటి విడతలో సూపర్‌డెలిగేట్లు ఓటెయ్యకూడదు, తేలకపోతే రెండో విడతలో వెయ్యచ్చు. ఇప్పటికి రెండో విడత దాకా వెళ్ళింది లేదు. 1952 తర్వాత ఏ పెద్ద పార్టీ మహాసభా వెళ్ళలేదు.

#17 బెజవాడ_బుల్లోడు

నా మాటే నిజమైందిగా! పెద్దలు ముందు గేటు దగ్గర తప్పుకుని పెరటి గుమ్మంలో కూర్చున్నారు. అసలు ప్రభుత్వ ఖర్చుతో ఎన్నికలు పెట్టించుకుని, నియమాలు మాత్రం పార్టీ ఇష్టం అంటే ఎలా?

#18 ఫిలీ_పంతులు

పార్టీ ప్రైవేటు సంఘం కాబట్టి తన అభ్యర్థిని తనే ఎంచుకునే హక్కు ఉందన్నది ఇక్కడి కోర్టుల మాట. కాలిఫోర్నియాలో ఏ ఓటరైనా ఏ పార్టీ ప్రైమరీలోనైనా పోస్టుకో పార్టీ చొప్పున వేసుకునేలా చట్టం తెస్తే, 2000లో సుప్రీంకోర్టు కొట్టేసింది. పరాయివాళ్ళు వచ్చి మా పెళ్ళికొడుకుని ఎంచుతారా అన్నది పార్టీల వాదన.

అయితే ఆ హక్కుకి ఒక హద్దుంది, అది నెత్తుటితో గీసిన హద్దు. టెక్సస్ డెమొక్రటిక్ పార్టీ "మాది ప్రైవేటు క్లబ్బు, తెల్లవాళ్ళకే సభ్యత్వం" అని నల్లవాళ్ళని ప్రైమరీలో అడుగు పెట్టనిచ్చేది కాదు. అప్పట్లో అక్కడ ప్రైమరీ గెలిస్తే ఎన్నిక గెలిచినట్టే, కాబట్టి నవంబరు ఓటు ఉన్నా లేనట్టే. 1944లో స్మిత్ వర్సెస్ ఆల్‌రైట్ కేసులో ఆ ఆట కట్టింది. వాదించినవాళ్ళలో థర్గుడ్ మార్షల్ ఒకడు, తర్వాత సుప్రీంకోర్టు జడ్జి అయ్యాడు. ఈ ఫారంలో మన కుర్రాడు టిక్ పెట్టబోయే గడి వెనకాల ఇంత కథ ఉంది.

#19 ఓరుగల్లు_ఇన్_ఆస్టిన్

మా టెక్సస్ గురించి గిది నాకు ఎరుకనే లేదు. పంతులుగారూ, ఒక డౌట్. టికెట్ రానోళ్ళు రెబల్‌గా నిలవడరా ఈడ? మన తాన గదే కదా అసలు సినిమా.

#20 ఫిలీ_పంతులు

నిలబడ్డారు, అదీ మాజీ ప్రెసిడెంటే! 1912లో థియొడోర్ రూజ్వెల్ట్ రిపబ్లికన్ ప్రైమరీల్లో ఎక్కువ గెలిచాడు, కానీ మహాసభ పగ్గాలు సిటింగ్ ప్రెసిడెంట్ టాఫ్ట్ చేతిలో ఉన్నాయి. టికెట్ టాఫ్ట్‌కి వెళ్ళింది. రూజ్వెల్ట్ కొత్త పార్టీ పెట్టి దిగాడు. ఓట్లు చీలాయి, డెమొక్రాట్ విల్సన్ గెలిచాడు. రెబల్ రెండో స్థానం, అధికారిక అభ్యర్థి మూడో స్థానం. టాఫ్ట్‌కి దక్కినవి రెండే రాష్ట్రాలు, యూటా, వెర్మాంట్.

#21 అట్లాంటా_అత్తయ్య

ఇన్ని పోస్టులు చదివాను, ఒక్కరూ తేదీల గొడవ చెప్పలేదు. ఎవరు ముందు ఓటేస్తారన్నదే సగం ఎన్నిక. వంద మీటర్ల పరుగు కాదు ఇది, ముందున్న ఊళ్ళలో పడిపోతే తర్వాతి ఊరికి చేరడానికి డబ్బులుండవు. న్యూ హాంప్‌షైర్ అయితే "మా ప్రైమరీ మిగతావాటికన్నా వారం ముందుండాలి" అని చట్టమే రాసుకుంది. 2024లో డెమొక్రాట్లు సౌత్ కరొలైనాని మొదట పెడదామంటే వాళ్ళు వినలేదు, జనవరి 23న పెట్టేసుకున్నారు. బైడెన్ అక్కడ పేరే ఇవ్వలేదు. జనం బ్యాలెట్ మీద ఆయన పేరు చేత్తో రాసి గెలిపించారు!

సౌత్ కరొలైనా మీద బైడెన్‌కి ఆ ప్రేమ ఎందుకో 2020 గుర్తున్నవాళ్ళకి తెలుసు. అయోవాలో నాలుగో స్థానం, న్యూ హాంప్‌షైర్‌లో ఐదో స్థానం. పని అయిపోయిందన్నారు. సౌత్ కరొలైనాలో నల్లజాతి ఓటర్లు, ముఖ్యంగా పెద్ద వయసు ఆడవాళ్ళు, ఫిబ్రవరి 29న ఆయన్ని నిలబెట్టారు. మూడు రోజుల తర్వాత సూపర్ ట్యూస్‌డే, ఒకేరోజు ఓటేసిన 14 రాష్ట్రాల్లో 10 ఆయనవే. మావయ్యగారూ, మీ ముసలాయన ఆ రాత్రి బతికున్నాడో లేదో గానీ ఉంటే కోటు విప్పేసి ఉంటాడు.

#22 మొక్కజొన్న_మావయ్య

నాకూ అదే గుర్తొచ్చింది అత్తయ్యా. 2020 నాటికి నేను ఒమహా వచ్చేశా. ఆయన పేరు కూడా అడగలేదు అప్పుడు.

నవ్వుకోడానికి నెవాడా చూడండి. 2024లో రిపబ్లికన్లకు ప్రభుత్వం పెట్టిన ప్రైమరీ ఒకటి, రెండు రోజుల తర్వాత పార్టీ పెట్టిన కాకస్ ఒకటి. డెలిగేట్లు కాకస్‌కే. ట్రంప్ కాకస్‌లో, నిక్కీ హేలీ ప్రైమరీలో. ఇంకా బరిలో ఉన్న పేరున్న ప్రత్యర్థి లేకుండా నిలబడి కూడా హేలీ ఓడిపోయింది. ఎవరి చేతిలో? "వీరెవరూ కాదు" అన్న గడి చేతిలో. మన నోటా గెలిచినట్టు.

#23 బెజవాడ_బుల్లోడు

😂 ఇది బాగుంది. పోనీ వైస్ ప్రెసిడెంట్ అభ్యర్థికి కూడా ప్రైమరీ ఉంటుందా? మా పశ్చిమ గోదావరి వడ్లూరు ఉషా వాన్స్ పూర్వీకుల ఊరని టీవీలవాళ్ళు వచ్చి హడావిడి చేశారు. అల్లుడుగారు జేడీ వాన్స్‌ని ఎవరు ఎంచారు?

#24 లెక్కల_మాస్టారు

ఒక్కడే, ట్రంప్. 2024 జులై 15న మిల్వాకీ మహాసభ మొదలైన రోజు పేరు ప్రకటించారు, సభ తల ఊపింది. ఇది మాత్రం అచ్చం మన పద్ధతే. పూర్వం సభే తేల్చేది. 1956లో స్టీవెన్సన్ "మీరే ఎంచుకోండి" అని డెలిగేట్లకు వదిలేస్తే కీఫావర్, కుర్ర సెనేటర్ కెనడీ పోటీపడ్డారు, కెనడీ ఓడిపోయాడు. మళ్ళీ ఎవరూ అంత ధైర్యం చెయ్యలేదు.

#25 నిర్వాహకుడు

ఇద్దరు సభ్యులు ట్రంప్, బైడెన్ మీద రాసిన పోస్టులు తీసేశాను. ఎవరు మంచివాళ్ళన్నది ఇక్కడ విషయం కాదు, ఎలా ఎంచుతారన్నది విషయం.

ఇంకో ముఖ్యమైన మాట: గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు ప్రైమరీలో కూడా ఓటెయ్యకూడదు. డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో "ఓటరుగా నమోదు చెయ్యమంటారా" అని అడిగితే అలవాటుగా అవుననకండి, ఇమ్మిగ్రేషన్ కేసు మీదకి వస్తుంది. గ్రీన్ కార్డువాళ్ళు అభ్యర్థికి విరాళం ఇవ్వచ్చు. హెచ్1బీ వాళ్ళకి అదీ లేదు.

#26 కొవ్వూరు_కుర్రాడు

ఇన్ని విషయాలు వస్తాయనుకోలేదు, అందరికీ దండాలు. ఆఖరుగా నాన్న ప్రశ్న మిగిలిపోయింది. బీ-ఫారం?

#27 ఫిలీ_పంతులు

ఉంది నాయనా, అదీ ఉంది. మహాసభ అయ్యాక "మా అభ్యర్థి ఫలానా" అని పార్టీ ఒక ధ్రువపత్రం ప్రతి రాష్ట్ర ఎన్నికల అధికారికీ పంపాలి. గడువు దాటితే బ్యాలెట్ మీద పేరుండదు. 2024లో ఒహాయోలో ఆ గడువు ఆగస్టు 7, డెమొక్రాట్ల మహాసభ ఆగస్టు 19న. మహాసభకి ముందే ఆన్‌లైన్లో ఓటింగు పెట్టుకోవాలన్న ఆలోచన దీంతోనే మొదలైంది. ఒహాయో తర్వాత గడువు పెంచినా పార్టీ ఆ ఏర్పాటు మార్చుకోలేదు. కాబట్టి నాన్నగారితో చెప్పండి: బీ-ఫారం మీద సంతకం పార్టీదే, కానీ అందులో రాయాల్సిన పేరు మామూలుగా జూన్‌కల్లా జనం రాసేసి ఉంటారు. మామూలుగా అన్న మాట ఒత్తి పలకండి.

#28 కొవ్వూరు_కుర్రాడు

చెప్పాను. "అయితే రెబల్స్‌కి ఖర్చు ముందే అయిపోతుందన్నమాట" అన్నారు. ఇది ఆయన వార్డు మెంబరు అనుభవం.

ఫారం నింపేశాను, పార్టీ గడి కూడా. ఏది పెట్టానో అడగకండి, పంతులుగారు చెప్పారుగా, జాబితా కొనుక్కోండి. మన అధ్యక్ష ప్రైమరీ ఏప్రిల్ ఆఖర్లో అట కదా, అప్పటికి అంతా తేలిపోయి ఉంటుందేమో?

#29 ఫిలీ_పంతులు

తేలిపోయి ఉంటుంది, అయినా వెళ్ళండి. 2024లో హేలీ మార్చి 6నే తప్పుకుంది. ఏప్రిల్ 23న మన రాష్ట్రంలో ఆమెకి లక్షన్నర మందికి పైగా ఓటేశారు. పైగా అదే బ్యాలెట్ మీద కింద పోస్టులుంటాయి, వాటికి పోటీ అక్కడే. మా బూత్‌లో పొద్దున ఏడింటికి ఎవరూ ఉండరు, కాఫీ కూడా ఇస్తారు.